దాతకు చెప్పవలసిన రెండు లెక్కలు

కులసంఘముల వార్షిక మహాసభలయందు సభ్యుల చేతికి రెండు పట్టికలు వచ్చుట చిరకాలాచారము. మొదటిది దాతల పట్టిక. రెండవది ఆదాయవ్యయముల పట్టిక. ఎవ్వరెంత యిచ్చిరో మొదటిదానివలన తెలియును. ఆ ధనము ఏయే పద్దులక్రింద వ్యయమయ్యెనో రెండవదానివలన తెలియును. రెండును సరిపోయినచో సభ కరతాళధ్వనులతో ఆమోదించును. కాని యిచ్చినవాని మనస్సున మఱియొక ప్రశ్న మిగిలియే యుండును. "నేనిచ్చిన ద్రవ్యమువలన ఎవ్వని బ్రదుకు ఏమి బాగుపడెను?" అనునదే యా ప్రశ్న. దానికి సమాధానము చెప్పు పట్టిక మన సంచికలలో అరుదు.

వ్యయమునకు లెక్క వేఱు, ఫలమునకు లెక్క వేఱు. మొదటి లెక్క తప్పినచో ధనము పోవును. రెండవ లెక్క లేనిచో ధనము పోయినదో నిలిచినదో తెలియకయే పోవును. ఈ రెండు లెక్కలను ఏ కాలమువా రెట్లు చెప్పిరో, ఎచ్చట తప్పిరో సోదర సభ్యులకును వదాన్యులకును మనవి చేయుటకే మేమీ వ్యాసమును వ్రాయ బూనుకొంటిమి.

దానమును బహిరంగముగా ప్రకటించుట మన దేశమున క్రొత్తగాదు. మన పూర్వులు దానిని శిలపై చెక్కించిరి. ఇందులకు మల్కాపుర శాసనముకంటె మంచి నిదర్శనము లేదు. మల్కాపురము గుంటూరు మండలములోని గ్రామము; నేటి అమరావతి ప్రాంతమునందున్నది. శాలివాహన శకము 1183, అనగా క్రీస్తుశకము 1261వ సంవత్సరమునాటి ఆ శాసనమువలన, కాకతీయ గణపతిదేవుడు తన గురువగు విశ్వేశ్వర శివాచార్యునకు మందర గ్రామమును, రుద్రమదేవి వెలగపూడి గ్రామమును దానము చేసినట్లు తెలియుచున్నది. నేడు ఆంధ్రప్రదేశ్ సచివాలయమున్నది ఆ వెలగపూడియందే.

ఆ శివాచార్యుడు తనకు వచ్చిన దానిని తనకొఱకు దాచుకొనలేదు. ఆలయము, మఠము, విద్యాశాల, అన్నసత్రము, ప్రసూతిశాల, ఆరోగ్యశాల స్థాపించెను. వేదశాస్త్రములు చెప్పు నధ్యాపకులకును, వైద్యునకును, లెక్కలు వ్రాయు కాయస్థునకును, శిల్పులు మొదలగు పనివాండ్రకును జీవనోపాధి యేర్పఱచెను. ఇది గమనింపదగిన విషయము. లెక్క వ్రాయువానికి జీతమిచ్చుట ధర్మమునకు వెలితియని ఆయన తలపలేదు. వైద్యుడెంత యవసరమో కాయస్థుడును అంత యవసరమని దానపత్రమునందే ఒప్పుకొని, దానిని నలుగురు చదువుటకు శిలపై వ్రాయించెను. నేడు దాతలు కొందఱు "మా ధనములో ఒక్క రూపాయియైనను కచేరీ వ్యయమునకు పోరాదు" అనుట వినుచున్నాము. ఏడువందల యేండ్లకు పూర్వమున్న ఆ వివేకమును వారొకసారి తలచుకొందురు గాక.

అయినను శిలాశాసనమున నొక లోపము కలదు. అది సంకల్పమును చెప్పును. నెఱవేఱినదో లేదో చెప్పదు. ఆ ప్రసూతిశాలలో ఎందఱు తల్లులు సుఖముగా ప్రసవించిరో, ఆ విద్యాశాలలో ఎందఱు చదువు ముగించిరో శిల చెప్పజాలదు. ఒకసారి చెక్కిన పిమ్మట దానికి ఏటేట చేర్పు లేదు. కావున మన పూర్వులు దానశాసనముల చివర శాపవచనములను చేర్చుచుండిరి. దత్తభూమి నపహరించినవాడు నరకమున పడునని బెదరించుచుండిరి. పాపభీతియే నాటి తనిఖీ. పాపభీతి యున్నంతకాల మది పనిచేసెను; అది సడలినచోట దానిని నిలబెట్టు సాధన మేదియు శిలయందు లేదు.

ఈ మాట ఎంత నిజమో చెన్నపట్టణమున పచ్చయప్ప మొదలియారుగారి ధర్మముల చరిత్ర తెలుపుచున్నది. ఆయన 1754లో జన్మించి, దుబాసీగా విశేషధనమార్జించి, 1794లో స్వర్గస్థుడయ్యెను. తన ధనమును దేవాలయములయందును పుణ్యక్షేత్రములయందును ధర్మకార్యములకు వినియోగింపవలసినదని మరణశాసనము వ్రాసెను. సంకల్పము నిర్మలము, పత్రము స్పష్టము. కాని ఆ ద్రవ్యమును చేతబట్టినవారిని ఏటేట లెక్క యడుగు అధికారి యెవ్వడును లేకపోయెను. ధర్మములు నిలిచిపోయెను; వ్యాజ్యములు పెరిగెను. చివరకు సుప్రీముకోర్టు కలుగజేసికొనవలసి వచ్చెను. అప్పటి అడ్వొకేటు జనరలు జార్జి నార్టనుగారి పూనికవలన, ధర్మకార్యములకు పోగా మిగిలిన ద్రవ్యము విద్యకు వినియోగింపబడి, 1842లో చెన్నపట్టణమున పచ్చయప్ప పాఠశాల తెఱవబడెను. అదియే 1889లో కళాశాల యయ్యెను. దాత గతించిన 48 సంవత్సరములకుగాని యా పాఠశాలలో మొదటి పాఠము చెప్పబడలేదు. ఆ మధ్యకాలమున చదువవలసిన తరములు రెండు గడచిపోయెను. లెక్క యడుగువాడు లేకపోవుటవలని నష్టము రూపాయలలో మాత్రమే కాదు, మనుష్యులలో కూడ చూచుకొనవలయును.

పచ్చయప్పగారి పాఠశాల చెన్నపట్టణమున తెఱవబడు నాటికే, ఇంగ్లండులోని బ్రిస్టలు నగరమున నొక మహనీయుడు లెక్క చెప్పుటయందు క్రొత్తదారి త్రొక్కియుండెను. జార్జి ముల్లరుగారు ప్రష్యా దేశీయులు. 1836లో బ్రిస్టలులో నొక అద్దెయింట అనాథబాలికలకు ఆశ్రయమిచ్చి, 1849లో ఆ యూరి వెలుపల సొంత భవనమును కట్టించి, 1870 నాటికి అట్టివి ఐదు భవనములు చేసి, రెండువేలమందికి పైగా పిల్లలకు చోటు కల్పించిరి. 1898లో వారు మరణించు నాటికి వారి గృహములలో పెరిగిన యనాథలు పదివేలకు పైబడిరి. వారు చందా యిమ్మని యెవ్వరిని నోరు తెఱచి యడుగలేదు. కాని యడుగకయే యిచ్చినవారికి లెక్క చెప్పుటలో ఎన్నడును ఉపేక్ష చేయలేదు.

వారి పద్ధతి యిట్టిది. వచ్చిన ప్రతి దానమునకు, అది యొక చిన్ననాణెమైనను వేలకొలది పౌనులైనను, రసీదు ఇచ్చెడివారు. ఏటేట అచ్చువేయు వృత్తాంతములో దాతల పేరులు ప్రకటింపక, సంఖ్యలతోడను పొడి అక్షరములతోడను దానములను చూపెడివారు. దాత తన గుఱుతును వెదకికొని, తాను పంపిన సొమ్ము లెక్కకెక్కినదో లేదో యింటనుండియే సరిచూచుకొనవచ్చును. ఇందు రెండు ప్రయోజనములు గలవు. దాతకు నమ్మకము కలుగును. కీర్తికొఱకు దానము చేయు స్పర్ధ పుట్టదు. మన సంచికలలో దాతల పేరులు పెద్దయక్షరములతో అచ్చగుచున్నవి. అది తప్పని మేమనము. ఇచ్చినవాని పేరు చూచి యింకొకడు ఇచ్చుట లోకస్వభావము. కాని పేరెంత పెద్దయక్షరములలోనున్నను అది లెక్క కానేరదు.

ముల్లరుగారిది వ్యయమునకు లెక్క. ఫలమునకు లెక్క చూపవలెనని యత్నించి చిక్కులలో పడినవారు లండనులోని బర్నార్డోగారు. 1870లో స్టెప్నీ ప్రాంతమున దిక్కులేని బాలురకు వారొక గృహము తెఱచిరి. అప్పటికి ఛాయాచిత్రకళ వ్యాపించుచుండెను. చింపిరి గుడ్డలతో వీథిలోనున్న బాలుని చిత్రమొకటి, వాడే శుభ్రముగా పనిముట్లు పట్టి నిలిచిన చిత్రమింకొకటి కలిపి, "మునుపు" "పిమ్మట" అని చూపు చీటీలు అచ్చొత్తించి అమ్మించిరి. దానమువలన ఏమి జరిగినదో కంటికి కట్టించుటకు ఇంతకంటె సులువైన దారి యుండునా? చందాలు వచ్చెను.

పిదప వారిపై నిందలు వచ్చెను. ధనము దుర్వినియోగమైనదనియు, చిత్రములు కల్పితములనియు ప్రత్యర్థులు ప్రకటించిరి. 1877లో మధ్యవర్తుల యెదుట విచారణ జరిగెను. ధనాపహరణ నిందనుండి బర్నార్డోగారు విముక్తులైరి; సంస్థ నిజమైన మేలు చేయుచున్నదని మధ్యవర్తులు తీర్పునిచ్చిరి. కాని కొన్ని చిత్రములు ఉన్నస్థితిని చూపక కల్పనతో కూడినవనియు, అట్టి పని చేయరాదనియు మందలించిరి. పిమ్మట సంస్థపై నిర్వాహకవర్గ మేర్పడెను. 1905లో వారు మరణించు నాటికి ఆ గృహములవలన మేలుపొందిన పిల్లలు అరువదివేలకు దగ్గరగా నుండిరి.

ఈ వృత్తాంతమునుండి మనము గ్రహింపవలసిన దేమి? బర్నార్డోగారు చేసిన మేలు సత్యము. దానిని చూపిన తీరు అసత్యము. సత్యమైన మేలునకు అసత్యమైన సాక్ష్యము తెచ్చినవాడు ఆ మేలునే సంశయమునకు లోను చేయును. ఇంకొకటియు గలదు. ఆ చిత్రములలో చింపిరి గుడ్డలతో నిలిచిన పిల్లవాడు పెద్దవాడైన పిమ్మట తన చిత్రము ఇంటింట నుండుటను చూచి సిగ్గుపడి యుండడా? ముల్లరుగారు దాతల పేరులు దాచిరి. మనమో, దాతల పేరులతోపాటు విద్యార్థివేతనము పుచ్చుకొను బీదపిల్లల పేరులు, ఊరులు, తండ్రుల పేరులు, చిత్రములు కూడ అచ్చువేయుచున్నాము. ఇచ్చినవానికి కీర్తి యిచ్చుటకై పుచ్చుకొన్నవాని గౌరవమును వ్యయము చేయుట ఏ పద్దున వ్రాయదగును?

మన తెలుగుదేశమునందు కూడ అదేకాలమున ఫలమును ఎట్లు లెక్కింపవలెనను ప్రశ్న పుట్టినది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపించిరి. ఆ యుద్యమమునకు కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు విశేషముగా ధనసహాయము చేసిరి. దాత కాకినాడలో, కార్యము రాజమహేంద్రవరములో. వివాహములెన్ని జరిగెనని లెక్కించుట సులభము. కాని పెండ్లి జరిగిన పిమ్మట బహిష్కృతులైన దంపతులకు వంటవారు దొరకక, పురోహితులు రాక, బంధువులు గడప త్రొక్కనీయక పోయినప్పుడు వారిని నిలబెట్టుటకే యధిక శ్రమయు ధనమును కావలసి వచ్చెను. పందిరిలో పెండ్లి ఒక దినపు కార్యము. దంపతులు నిలుచుట అసలైన ఫలము. నేటి భాషలో చెప్పవలెనన్న, ఎన్ని వేతనములు పంచితిమనునది పెండ్లిలెక్క. ఎందఱు చదువు ముగించిరనునది కాపురపు లెక్క.

ఇక ఇటీవలి కాలమునకు వత్తము. అమెరికాదేశమున ధర్మసంస్థలను పరీక్షించి దాతలకు తెలుపు సంస్థలు బయలుదేఱినవి. 2001లో పుట్టిన చారిటీ నావిగేటరు వానిలో నొకటి. ఇట్టివారు మొదట ముఖ్యముగా చూచినది నిర్వహణవ్యయము. నూటికి ఎన్ని పాళ్లు కచేరీకి, జీతములకు పోయెనో చూచి, తక్కువ పోయినదే మంచి సంస్థయని జనులు నిర్ణయించుకొనిరి. దీనివలన వింతయైన చిక్కు కలిగెను. లెక్కల గుమాస్తాను పెట్టుకొన్న సంస్థ చెడ్డదిగాను, లెక్కయే వ్రాయని సంస్థ మంచిదిగాను కానవచ్చెను. 2013లో చారిటీ నావిగేటరు, గైడుస్టారు, బీబీబీ వైజ్ గివింగ్ అలయన్స్ అను మూడు సంస్థల అధిపతులు కలిసి దాతలకు బహిరంగలేఖ వ్రాసి, నిర్వహణవ్యయపు పాళ్లనుబట్టి మాత్రమే సంస్థల మంచిచెడ్డలు నిర్ణయింపరాదని విన్నవించిరి. మల్కాపురపు కాయస్థుని విలువను లోకము మరల గుర్తించుటకు ఇంతకాలము పట్టినది.

2007లో పుట్టిన గివ్‌వెల్ అను నింకొక సంస్థ వేఱు మార్గము పట్టినది. ఒక్కొక్క సంస్థ తన ధనముతో ఎన్ని ప్రాణములు కాపాడెను, ఎంత మేలు చేసెను అని సాక్ష్యములతో విచారించి ప్రకటించుచున్నది. అంతేగాక, తాను చేసిన పొరపాట్లను తానే యొక పత్రముగా వ్రాసి యందఱు చదువుటకు పెట్టుచున్నది. తప్పు చెప్పుకొనుటచేత దాతలు పాఱిపోవుదురని మనవారి భయము. నిజమునకు, తప్పు చెప్పుకొన్నవాడు ఒప్పు చెప్పినప్పుడే దాతకు నమ్మకము కలుగును.

ఫలపు లెక్క ఎంత యవసరమో తెలుపు నిదర్శనము మన యింటనే గలదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2005వ సంవత్సరము మొదలుకొని కార్తిక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ మొదలగు ఆర్థికశాస్త్రజ్ఞులు పాఠశాలలయందు పెద్ద పరిశోధనలు జరిపిరి. వానిలో నొకదానిలో 200 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను తీసికొని, చీటీలు వేసినట్లు 100 పాఠశాలలను ఏర్పఱచి, వానికి పుస్తకములు, కాగితములు మొదలగు విద్యాసామగ్రికై రొక్కమిచ్చిరి. మొదటియేడు ఆ పాఠశాలల పిల్లలు తక్కినవారికంటె పరీక్షలలో మెఱుగుగా నుండిరి. రెండవయేడు కూడ రొక్కము ముట్టెను, సామగ్రి కొనబడెను, కాని ఆ యేడు చెప్పుకొనదగిన మెఱుగేదియు కానరాలేదు. కారణమేమని విచారింపగా, బడియే పుస్తకములిచ్చునని తెలిసికొన్న తల్లిదండ్రులు తాము పిల్లల చదువునకు పెట్టు వ్యయమును తగ్గించిరని తేలినది. మొదటియేట ఆ సంగతి వారికి ముందుగా తెలియదు గనుక తమ వ్యయము తాము చేసిరి. రెండును కలిసి పిల్లలకు మేలయ్యెను. ఈ పరిశోధనఫలితము 2013లో ప్రకటింపబడెను.

సోదరులారా, ఇది మన గుండెకు తగులవలసిన మాట. మన సంఘములు ఏటేట చేయు పుణ్యకార్యములలో నోటుపుస్తకములు పంచుట ముఖ్యమైనది. ఆ పాఠశాలల రెండవయేటి లెక్కలో వ్యయమున దోషము లేదు. కొన్న పుస్తకము బడికి చేరినది. ఫలమును కొలిచినవా రుండబట్టిగాని లోపము తెలియలేదు. తల్లిదండ్రులను దూషించుటకు మేమీ మాట చెప్పలేదు. బీదకుటుంబమున మిగిలిన నాలుగు రూపాయలు బియ్యమునకో మందునకో పోయియుండును, అదియు మేలే. కాని మనము "చదువు పెంచితిమి" అని దాతకు చెప్పినచో, ఆ మాట నిజమగునో కాదో చూచుకొనవలసిన బాధ్యత మనదే.

మన చట్టములు కూడ ఈ విషయమున చాలినంత తోడ్పడవు. 1860వ సంవత్సరపు సొసైటీల రిజిస్ట్రేషను చట్టము సంఘములను ఏటేట నిర్వాహకుల పట్టిక దాఖలు చేయుమన్నది. ఎవ్వరు నడపుచున్నారో అడిగినది. ఏమి ఫలించినదో అడుగలేదు. తరువాతి శాసనములు లెక్కల తనిఖీని కోరినవి. కాని తనిఖీదారుడు రసీదు ఉన్నదో లేదో చూచునుగాని, పిల్లవాడు చదివెనో లేదో చూడడు. అది వాని పని కాదు. ఆ పని మనదే.

కులసంఘములు ఈ దేశమున కేవలము సభలు చేసి చెదరిపోలేదు. వసతిగృహములు కట్టి, దూరపు పల్లెలనుండి వచ్చిన పిల్లలకు అన్నము పెట్టి చదివించినవి. 1918లో హైదరాబాదున రాజా బహద్దరు వెంకటరామారెడ్డిగారి పూనికతో వెలసిన రెడ్డి వసతిగృహము వంటివి దీనికి తార్కాణము. దానికి కార్యదర్శిగా పనిచేసిన సురవరము ప్రతాపరెడ్డిగారు తెలుగువా రందఱకును పూజ్యులు. ఇట్టి గృహములకు చందాలిచ్చిన పెద్దలు లెక్కకంటె ముందు మనుష్యులను నమ్మిరి. కార్యదర్శి యెవ్వరో ఎఱుగుదురు; విద్యార్థులను కన్నులార చూచెడివారు. నేడట్లు గాదు. దాత అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో యుండును. విద్యార్థి శ్రీకాకుళమునందో పాలమూరునందో యుండును. ఒకరి ముఖ మొకరు చూడరు. ముఖపరిచయము చేసెడి పనిని ఇప్పుడు లెక్కయే చేయవలయును.

కావున మేము సభవారికి కొన్ని మనవులు చేయుచున్నాము. వేతనము లెందఱకిచ్చితిమో చెప్పినచోటనే, వారిలో నెందఱు చదువు ముగించిరో, ఎందఱు నడుమ మానిరో, ఎందులకు మానిరో చెప్పుదము. వసతిగృహమున నొక్కొక్క విద్యార్థికి ఏటికెంత వ్యయమగుచున్నదో, అందు వార్డెను జీతముతోసహా, దాపరికము లేక వ్రాయుదము. పుచ్చుకొన్న పిల్లల పేరులకు బదులు ముల్లరుగారివలె సంఖ్యలు వేయుదము. చిత్రము వేసినచో వారి సమ్మతితో, ఉన్నదున్నట్లుగా వేయుదము. నోటుపుస్తకములు పంచుటకు ముందు, ఆ యింట నిజముగా కొఱతపడినది పుస్తకమో, బస్సు కిరాయియో, కండ్లజోడో అడిగి తెలిసికొందము. ఈ యేడు మేలు చేయలేకపోయిన పని యొకటైనను ఉన్నచో దానిని కూడ ఒక పుటలో వ్రాయుదము.

కొందఱు పెద్దలు ఆక్షేపింపవచ్చును. "అన్నము పెట్టినప్పుడు ఫలమేమని అడుగుదురా? ఆకలి తీఱుటయే ఫలము గాదా?" అని. నిజమే. సత్రమున భోజనమునకు ఆ పూట తీఱిన ఆకలియే చాలిన లెక్క. చిన్నసంఘము కొలుచుటయందే తన ద్రవ్యమంతయు వెచ్చించుట కూడ అవివేకము. ఏ ధర్మమునకు తగిన కొలత ఆ ధర్మమునకు చాలును. కాని చదువు చెప్పించితిమని, ఉద్యోగమున నిలబెట్టితిమని చెప్పుకొనుచోట ఆ మాటకు సాక్ష్యము చూపుట న్యాయము.

మన నిధి పరిమితము, అర్హులు అపారము. ఫలింపని పద్దున పోయిన ప్రతి రూపాయియు, వరుసలో నిలిచియున్న యింకొక పిల్లవాని రూపాయియే. వాని పేరు మన పట్టికలలో నెక్కడను ఉండదు, వాడు సభకు రాడు, అడుగడు. వాని పక్షమున అడుగగలిగినవాడు దాత యొక్కడే. కావున దాత "ఎంత వ్యయమైనది?" అని అడిగినప్పుడు సంతోషించి, "ఏమి ఫలించినది?" అని అడిగినప్పుడు అంతకంటె సంతోషించి, రెండింటికిని సమాధానము చెప్పగల సంఘముగా మన సంఘము వర్ధిల్లుగాక యని కోరుచు, ఈ వ్యాసమును మహాసభవారి సన్నిధిని సమర్పించుచున్నాము.